మూడు విజిల్సా, ఐదు విజిల్సా

(ఉగాది సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ఉగాది శుభాకాంక్షలు. నాలుగు రోజుల క్రితం సెక్రటరీగారు నన్ను లిఫ్టులో పట్టుకుని, "బాబూ, ఉగాదికి నువ్వో ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. దేని గురించి సార్ అన్నాను. "సంసారం గురించి" అన్నారు. నాకు పెళ్ళయి మూడేళ్ళండీ. ఈ ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి నలభై ఏళ్ళ సర్వీసు ఉంది. వాళ్ళకి నేను చెప్పేదేముంది? అదే మాట అన్నాను. దానికి ఆయన, "పెద్దవాళ్ళని పిలిస్తే నీతులు చెబుతారయ్యా, నువ్వయితే జరిగింది చెబుతావు" అన్నారు. మా ఇంట్లో జరిగేవి ఆయనకెలా తెలుసని మీరు అడగొచ్చు. ఆయనది సరిగ్గా మా కింద ఫ్లాటు.

మొదలుపెట్టేముందు ఒక విషయం. మా ఆవిడ అదిగో, మూడో వరసలో ఉంది. ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అని నిన్న రాత్రే ఇంట్లో సెన్సార్ అయిపోయింది. నేను మధ్యలో ఎక్కడైనా ఠక్కున ఆగి మంచినీళ్ళు తాగితే, అక్కడ కట్ పడిందని మీరే అర్థం చేసుకోండి.

మాది తణుకు. ఆవిడది జనగామ దగ్గర ఒక పల్లె. ఇద్దరం తెలుగువాళ్ళమే, భాషకి ఇబ్బందేముంటుంది అనుకున్నాం. పెళ్ళయిన కొత్తలో వాళ్ళమ్మగారిని నేను "అత్తయ్యగారూ" అని పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నానో అని ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. అక్కడ అత్తమ్మ. ఇక మా ఆవిడ నన్ను "నువ్వు" అంటుంది. మొదటిసారి అది మా అమ్మ చెవిన పడిన రోజు, సాంబారు కలుపుతున్న గరిటె అలా గాల్లో ఆగిపోయింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఏరా, నిన్ను నువ్వు అంటోందేంట్రా" అంది. "మరి నువ్వూ నన్ను ఏరా అంటున్నావుగా అమ్మా" అన్నాను. ఆ పూట నాకు సాంబారు పడలేదు.

సరే, అసలు విషయం. కుక్కర్.

మీలో ఎంతమంది కందిపప్పుకి మూడు విజిల్స్ పెడతారు? చేతులెత్తండి. ఆ... పర్వాలేదు. ఐదు? ఓ, ఐదు పార్టీ బాగానే ఉందే. లెక్కపెట్టనివాళ్ళు? చూశారా, ఒక్క హాల్లో మూడు పార్టీలు. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, కానీ రెండు పార్టీలు. మా అమ్మ మూడు రానిచ్చి ఆపేస్తుంది. వాళ్ళమ్మ ఐదు. కాపురం పెట్టిన మొదటి వారంలో నేను మూడు రాగానే వెళ్ళి పొయ్యి కట్టేసేవాణ్ణి. ఆవిడ వచ్చి మళ్ళీ వెలిగించేది. నేను మళ్ళీ కట్టేసేవాణ్ణి. ఇద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు, పొయ్యే మాట్లాడేది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు కదా, గట్టిగా పోట్లాడుకోవడానికి మొహమాటం.

ఆ పప్పు ఎలా ఉండేదనుకున్నారు? నాది పలుకు. పప్పుగుత్తి పెట్టి మెదిపితే గింజలు అటూ ఇటూ జారిపోయేవి. ఆవిడ ఐదు పెట్టినా సరిగ్గా ఉడికేది కాదు. అప్పుడు ఆవిడ ఏడు పెట్టింది. ఏడు పెట్టిన రోజు సంగతే సీలింగ్ సంగతి.

మాది అప్పుడు రెండు లీటర్ల కుక్కర్, పెళ్ళికి ఎవరో చదివించారు. ఆ రోజు ఇంటికి మనుషులు వస్తున్నారని అందులో పప్పు నిండా పోశాం. మీకు తెలిసే ఉంటుంది, పప్పు నురగ కడుతుంది, అందుకే కుక్కర్లో సగానికి మించి పోయకూడదు. ఆ ముక్క కుక్కర్‌తో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఎవరు చదువుతారండీ? వారంటీ కార్డుతో కలిపి సొరుగులో పడేస్తాం. నాలుగో విజిల్ దగ్గర వెయిట్ కింద నుంచి పసుపు నీళ్ళు చిమ్మడం మొదలైంది. ఆవిడేమో "ఆపు ఆపు" అంటోంది, నేను ఆపకుండా వెయిట్ ఎత్తి చూశాను. ఎందుకు ఎత్తావని అడగొద్దు. అప్పటికి నాకు ఇంజనీరింగ్ డిగ్రీ వచ్చి ఆరేళ్ళు. అది కూడా మెకానికల్. పప్పు ఫౌంటెన్‌లా లేచి తిన్నగా సీలింగ్‌కి కొట్టింది. అదృష్టం బాగుండి చేతికీ మొహానికీ ఏమీ కాలేదు. మీరు మాత్రం ఆ పని ఎప్పుడూ చేయకండి, ప్రెషర్ మొత్తం దిగేవరకూ ఆ వెయిట్ ముట్టుకోకండి. పాత సున్నం మీద పళ్ళెమంత పసుపు మచ్చ పడింది. అద్దె ఇల్లు కదా. తర్వాతి నెల ఓనరుగారు అద్దెకి వచ్చి తలెత్తి చూసి, "ఇదేంటి బాబూ, పైన లీకేజీయా?" అన్నారు. పైన వాటర్ ట్యాంకు ఉంది లెండి. నేను ఊఁ అన్నాను. ఆయన పాపం మేస్త్రీని పిలిపించి టెర్రస్ మీద వాటర్ ప్రూఫింగ్ చేయించారు. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు ఈ మాట. ఆయన ఈ కాలనీలో ఉండరు కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు ఎవరు రైటు? మూడా, ఐదా? అమ్మ తప్పు చెప్పదు కదా. మరి వాళ్ళమ్మ మాత్రం తప్పెందుకు చెబుతుంది? నేను చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. ఆఫీసులో పని తక్కువగా ఉన్న రోజులవి.

చూడండి, కుక్కర్లో జరిగేది ఏమిటి? మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. కుక్కర్లో ఆవిరిని బయటికి పోనివ్వం కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి 120 డిగ్రీల దాకా వెళతాయి. అందుకే తొందరగా ఉడుకుతుంది. విజిల్ అంటే ఏమిటంటే, లోపల ఒత్తిడి ఎక్కువైంది, వెయిట్ లేచి కాస్త ఆవిరి వదిలింది, అంతే. అది గడియారం కాదు. మంట పెద్దది పెడితే ఐదు విజిల్స్ ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి. సిమ్‌లో పెడితే పావుగంటైనా రెండోది రాదు. అంటే మా అమ్మ మూడు విజిల్స్ ఎంతసేపు? వాళ్ళమ్మ ఐదు విజిల్స్ ఎంతసేపు? ఇది మేం ఎప్పుడైనా అడిగామా? అడగలేదు. అంకె పట్టుకొచ్చాం, ఆ అంకె పుట్టిన పొయ్యిని అక్కడే వదిలేసి వచ్చాం.

రెండోది నీళ్ళు. ఇది మాత్రం నేను కనిపెట్టింది కాదు, పక్క ఫ్లాటు పిన్నిగారు చెప్పారు. "బోరు నీళ్ళు పోస్తున్నావేమో నాయనా" అన్నారు. తణుకులో మేం తాగింది ధవళేశ్వరం దగ్గర బయల్దేరి వచ్చే గోదావరి కాలవ నీళ్ళు. సబ్బు రుద్దితే నురగే నురగ. మియాపూర్‌లో మేమున్న ఇంట్లో కుళాయిలో వచ్చేది బోరు నీళ్ళు. తల మీద పోసుకుంటే జుట్టు కొబ్బరి పీచు. గీజర్ కాయిల్ చూశారా ఎప్పుడైనా, తెల్లగా సున్నం పట్టి ఉంటుంది, అదే కాల్షియం. ఆ కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజ తొందరగా మెత్తబడకుండా పట్టేస్తాయి. వాళ్ళ ఊళ్ళో కూడా ఆవిడ చిన్నప్పుడు, మిషన్ భగీరథ నీళ్ళు రాకముందు, వంటకి బోరు నీళ్ళే. అందుకని వాళ్ళమ్మగారికి ఐదు అలవాటైంది. మా అమ్మకి కాలవ నీళ్ళు కాబట్టి మూడు చాలాయి. అర్థమైందా? అక్కడ ఐదూ కరెక్టే, తణుకులో మూడూ కరెక్టే. మియాపూర్‌లో మేమిద్దరం తప్పు.

ఒక ఆదివారం పరీక్ష పెట్టాం. ఒకే పప్పు, ఒకే గ్లాసు కొలత, అదే కుక్కర్, అదే మంట. ఒకసారి బోరు నీళ్ళతో, ఒకసారి ఫిల్టర్ నీళ్ళతో. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి పది నిమిషాలు. ఫిల్టర్ నీళ్ళ పప్పు వెన్నలా దిగింది. బోరు నీళ్ళ పప్పు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే లోపల ఇంకా చిన్న పలుకు తగులుతోంది. ఆ రెండు గిన్నెలు ముందు పెట్టుకుని ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. నేనే గెలిచానని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. రెండు పూటలూ పప్పే తిన్నాం, రెండు గిన్నెలుంది కదా మరి.

ఇంకోటి, గ్యాస్ బండ. ఇది కాస్త భయపెట్టింది, అందుకని నవ్వులాటగా చెప్పను. తణుకులో బండ మార్చేది నాన్న. వాళ్ళింట్లో అన్నయ్య. మా ఇద్దరికీ ఆ పని ఎప్పుడూ పడలేదు. మొదటిసారి బండ అయిపోయింది రాత్రి తొమ్మిదిన్నరకి. నిండుది బాల్కనీలో ఉంది, దొర్లించుకొచ్చాను. సీల్ పీకి, మూత తీసి, రెగ్యులేటర్ టక్కుమనేలా పెట్టి, నాబ్ తిప్పాను. సన్నగా స్స్ మని శబ్దం. "ఏదో వాసన వస్తుంది" అంది ఆవిడ. నేను అన్న మాట వినండి. "కొత్త బండ కదా, అలాగే వస్తుందిలే" అన్నాను. కొత్త కారుకి కొత్త వాసన వచ్చినట్టు!

అప్పుడు ఆవిడ నన్ను పక్కకి నెట్టి నాబ్ కట్టేసి, కిటికీలు తలుపులు తీసింది. నేనేమో అలవాటుగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయబోయాను. చేతి మీద ఒక్కటి కొట్టింది. స్విచ్ వేసినప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది కదండీ, గ్యాస్ ఉన్నచోట అది చాలు. ఇంకోటి ఏమిటంటే వంటగ్యాస్ గాలి కంటే బరువు, పైకి పోదు, నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. మనం నిలబడి వాసన చూస్తే తక్కువగానే ఉందనిపించవచ్చు. అసలు ఆ గ్యాస్‌కి సొంత వాసన కూడా లేదు, లీకైతే మనకి తెలియాలని ఆ కంపు కొట్టే మందు కలుపుతారు. అంత కష్టపడి కలిపి పంపిస్తే నేను కొత్త బండ వాసన అన్నాను.

పిన్నిగారే వచ్చారు మళ్ళీ, నైటీ మీద తువ్వాలు వేసుకుని. రెగ్యులేటర్ తీయించి, ఫోన్ టార్చి బయట గుమ్మం దగ్గరే వేసుకుని వచ్చి, బండ మూతిలోకి చూశారు. "వాషర్ ఏదిరా?" అన్నారు. లోపల నల్లటి చిన్న రబ్బరు రింగు ఉండాలి. మాదాంట్లో లేదు. ఖాళీ బండలోంచి సన్నటి చెంచా కాడతో దాని వాషర్ తీసి ఇందులో పెట్టి, సబ్బు నీళ్ళు రాసి, బుడగలు రావట్లేదని చూసి వెళ్ళిపోయారు. ఐదు నిమిషాల పని. కానీ ఆవిడ అప్పుడే చెప్పారు, ఇలా సొంతంగా చేయొద్దు, బండ తెచ్చిన అబ్బాయి చేతే గుమ్మం దగ్గరే చూపించుకోవాలి, తేడా ఉంటే వెనక్కి పంపాలి, రాత్రిపూట లీకైతే 1906కి ఫోన్ చేయాలి అని. అప్పటి నుంచి నేను బండ పైన రాసుండే అక్షరం కూడా చూస్తున్నాను. సి-28 అని ఉందనుకోండి, 2028లో జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాన్ని మళ్ళీ టెస్ట్ చేయాలని అర్థం. ఎ అంటే మొదటి మూడు నెలలు, అలా డి దాకా. మీ ఇంటికి వెళ్ళాక ఒకసారి చూడండి. ఆ తేదీ దాటిపోయిన బండ అయితే తీసుకోకండి.

మా నాన్నగారి పంచె గులాబీ రంగులోకి మారిన సంగతి చెప్పొచ్చా? (మంచినీళ్ళు తాగుతాను.) సరే, ఒక్క ముక్క. కొత్త నారాయణపేట చీర, ఎరుపు, తెల్ల పంచె, ఒకే మెషిన్, వేడి నీళ్ళ బటన్. ఎవరు నొక్కారన్నది ఒప్పందం ప్రకారం చెప్పను. నాన్న మాత్రం ఏమీ అనకుండా ఆ పంచె కట్టుకునే రైలెక్కారు. తణుకు స్టేషన్లో దిగితే, "ఏంటండీ, పార్టీ మారారా?" అని అడిగారట ఎవరో.

ఇక ఆవకాయ. దీనికే వస్తున్నా ఇందాకటి నుంచి.

పెళ్ళయిన ఏడాది మే నెల. మా అమ్మ ఆవకాయ పంపిస్తానంది, వాళ్ళమ్మ తొక్కు పంపిస్తానంది. మాకెందుకో పౌరుషం వచ్చింది. మనమే పెట్టుకుందాం అనుకున్నాం. ఏది పెట్టాలి? మాకు ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె, వెల్లుల్లి రెబ్బలు, అంతే. వాళ్ళకి అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఉండాలి, ఎల్లిగడ్డంటే మన వెల్లుల్లే, జీలకర్ర మెంతి పొడి ఉండాలి, నూనె కాచి పోపు పెట్టి చల్లార్చి పోయాలి. రెండు జాడీలు పెడదాం అని రాజీకి వచ్చాం. పది కాయలు మాది, పది కాయలు వాళ్ళది.

నేను రైతుబజారుకి వెళ్ళాను. ఆవిడ ఫోన్ చేసి, "వచ్చేటప్పుడు ఎల్లిగడ్డలు అరకిలో పట్టుకరా" అంది. బజారులో ఆ గోలలో నాకు ఉల్లిగడ్డలు అని వినబడింది. ఉల్లిగడ్డ అంటే ఉల్లిపాయ అని అప్పటికి నేర్చుకున్నాను, నేర్చుకున్నానని కాస్త గర్వం కూడా ఉంది. ఆవకాయలో ఉల్లిపాయ ఏమిటా అని ఒక్క క్షణం అనిపించింది. వాళ్ళ పద్ధతేమోలే, మళ్ళీ అడిగితే మీ జనగామలో ఇలా వేస్తారా అన్నట్టు ఉంటుంది, ఎందుకు అని అడగలేదు. గౌరవం అండీ. గౌరవం కొద్దీ అరకిలో ఉల్లిపాయలు తెచ్చాను. సంచీ తెరిచి చూసి ఆవిడ అంది, "దీన్నేం జెయ్యాలె, పకోడీలెయ్యాల్నా?" అని.

అది చిన్నది. పెద్దది వినండి. కాయలు అక్కడే కత్తిపీట మీద ముక్క కొట్టించాను. మీకు తెలుసు కదా, బజార్లో వరసగా కూర్చుంటారు, టెంకతో సహా టప్ టప్ మని కొట్టి సంచీలో పోస్తారు. ఇంటికొచ్చి పేపరు పరిచి కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ ఎల్లిగడ్డలకి వెళ్ళింది. నా పని ఏమిటంటే ఒక్కో ముక్కలోంచి జీడి తీసేయాలి, టెంకకి లోపల అంటుకున్న పల్చటి పొర గీకేయాలి, గుడ్డతో తుడవాలి. ఎనిమిది ముక్కలు తుడిచాను. గుడ్డ చూస్తే నల్లగా అయింది. దుమ్ము. కత్తిపీట మీద మట్టి. ఎవరెవరో తొక్కిన చోట కొట్టిన ముక్కలు. ఇదంతా మనం తినాలా అనిపించింది. ఆవిడ వచ్చేలోపు శుభ్రంగా చేసి ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను.

అయ్యో అంటున్నారు వెనకాల. అవునండీ, కడిగాను. ఇరవై కాయల ముక్కలు. బకెట్లో వేసి. రెండు నీళ్ళు మార్చి.

ముందు వరసలో ఒక అమ్మగారు తల పట్టుకున్నారు చూడండి. ఆ రోజు మా ఆవిడ కూడా సరిగ్గా అలాగే పట్టుకుంది. "గిట్ల ముక్కలు ఎవరన్నా కడుగుతరా? కాయ కడుగుతరు, తుడుస్తరు, ఆరవెడ్తరు, తర్వాత కొడ్తరు" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. తర్వాత నవ్వింది. అది ఇంకా భయం వేసింది.

పారేయడానికి మనసొప్పలేదు. చీర పరిచి ఫ్యాన్ కింద రాత్రంతా ఆరబెట్టాం. మంచం మీద కూడా పరిచాం, చోటు చాల్లేదు. మేము హాల్లో పడుకున్నాం. ఇల్లంతా పచ్చి మామిడికాయ వాసన, తెల్లవార్లూ ఇద్దరికీ నోట్లో నీళ్ళూరుతూనే ఉన్నాయి, నిద్రపట్టలేదు. పొద్దున రెండు జాడీల్లో పెట్టాం. మూడో రోజు తిరగకలిపితే ఉప్పు సరిపోయింది, రంగు బ్రహ్మాండం, పక్కనున్న పిన్నిగారికి గిన్నెడు ఇచ్చేశాం కూడా.

పదిహేనో రోజు మూత తీస్తే, మా తణుకు జాడీలో నూనె మీద తెల్లగా, దూదిలా, రూపాయి బిళ్ళంత బూజు. తర్వాత రోజు జనగామ జాడీలో. ఒక్కరోజు తేడా. ఆ ఒక్కరోజూ నేను అనుభవించింది నాకు తెలుసు. "వాళ్ళ ఆవపిండి ఆగలేదు, మన అల్లం ఆగింది" అని ఫోన్లో వాళ్ళమ్మకి చెబుతుంటే విన్నాను. మర్నాడు ఆవిడ ఫోన్ చేయలేదు.

అన్నీ పారబోశాం. పిన్నిగారి దగ్గరికి వెళ్ళి తలొంచుకుని, "పిన్నిగారూ, ఆ గిన్నె..." అంటే ఆవిడ, "మొదటి రోజే ముక్క కొరికి చూశాను నాయనా, చప్పగా నీరు పట్టినట్టుంది, ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలో అయిపోగొట్టాను" అన్నారు. మరి మాకెందుకు చెప్పలేదండీ అన్నాను. "కొత్తగా పెళ్ళయినవాళ్ళు, సంబరంగా తెచ్చారు, ఎలా చెప్పను" అన్నారు. గ్యాస్ బండ విషయంలో అంత కచ్చితంగా ఉండే మనిషి, ఆవకాయ దగ్గరికి వచ్చేసరికి మొహమాటపడ్డారు.

ఆ తర్వాత రెండేళ్ళూ పెట్టాం. నిల్వ ఉన్నాయి. పోయిన ఏడాదిది ఇంకా రెండు జాడీల్లోనూ అడుగున కొంచెం ఉంది, ఇందాక పులిహోర పక్కన మీరు వేసుకున్నది అదే. ఏది ఎవరిదో అడగొద్దు, ఈ హాల్లోంచి మేం కలిసే ఇంటికి వెళ్ళాలి.

టైమైపోయిందని సెక్రటరీగారు వాచీ చూపిస్తున్నారు. చివరిగా ఒక చిన్న సహాయం. మే నెలలో ఈసారి పాతిక కాయలు పెడుతున్నాం. ఈ అపార్ట్‌మెంట్లో ఎవరి దగ్గరైనా మామిడికాయలు కొట్టే పెద్ద కత్తిపీట ఉంటే ఒక్క పూట ఇప్పించండి. కాయలు ఇంట్లోనే కడిగి ఆరబెట్టి కొట్టుకుంటాం. బజార్లో కొట్టిస్తే ముక్కకి మట్టి అంటుకుంటుంది, మట్టి కనబడితే నా చెయ్యి ఊరుకోదు.